ఒరిజినల్ మాదిరి



"ఇదు ఒరిజినల్ మాదిరి దాన్ సార్" అన్నాడు షాపతను.

పదేళ్ల పైమాట. నేను యానాం నుంచి పుదుచ్చేరి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నటేశన్ నగర్‌లో ఒక ఇంటి మేడ మీద గది అద్దెకు తీసుకుని పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తుండేవాణ్ని. చేతిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కానన్ ఫైవ్ డి మార్క్ టూ. దాంతో పాటు వచ్చింది ఒకే ఒక్క బ్యాటరీ, అదీ ముసలిది. రెండోది కంపెనీదే కొనాలంటే నా రెండు నెలల గది అద్దె. అతను చూపించింది అందులో ఐదో వంతు ధర. "మాదిరి" అన్న మాట తమిళానికీ ఉంది, మనకూ ఉంది. వాళ్లు "లాగా" అనడానికి వాడతారు. మనం నమూనా అనడానికీ వాడతాం. ఆ పూట నాకు రెండర్థాలూ ఒక్కటిగానే వినిపించాయి. డబ్బులిచ్చి జేబులో వేసుకున్నాను.

ఆ నెలలోనే ఒక తెలుగు పెళ్లి కుదిరింది. యానాం నుంచి ఉద్యోగాల మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు మనకు చాలానే ఉన్నాయి కదా, వాళ్లలో ఒకరిది. తెల్లవారుజామున ముహూర్తం. నేను రాత్రి నుంచీ ముసలి బ్యాటరీతో స్నాతకమూ గౌరీపూజా లాగించి, అసలు ఘట్టానికి నిండుగా ఉండాలని కొత్తది వేశాను. తెర అడ్డం పట్టారు. జీలకర్ర బెల్లం చేతికిచ్చారు. మేళగాళ్లు గట్టిమేళం అందుకున్నారు. కెమెరా పైన చూస్తే బ్యాటరీ గుర్తు సగానికి పైనే ఉంది. తెర దించుతున్నారు. పెళ్లికూతురు తలెత్తుతోంది. బటన్ నొక్కాను. ఏమీ కాలేదు.

ఆపి మళ్లీ ఆన్ చేశాను. కెమెరా తెర వెలిగింది, ఒక్క ఫోటో పడింది, అదీ ఫోకస్ లేకుండా. మళ్లీ చీకటి. ముసలి బ్యాటరీ మండపం వెనక గదిలో ఛార్జింగులో ఉంది. జనం కాళ్లు తొక్కుకుంటూ పరిగెత్తి తెచ్చేలోగా పురోహితుడు గారు తర్వాతి మంత్రంలోకి వెళ్లిపోయారు. పెళ్లికూతురి తండ్రి నా మొహం చూసి విషయం గ్రహించి, "పంతులుగారూ, ఆ తెర ఇంకోసారి పట్టించడానికి వీలవుతుందా?" అని అడిగారు పాపం. "ముహూర్తం బ్యాటరీ కోసం ఆగదు బాబూ" అన్నారు పంతులుగారు. ఆయన అన్నదాంట్లో తప్పులేదు. ఆ ఆల్బమ్‌లో ఇప్పటికీ ఆ పేజీలో ఒక ఫోకస్ లేని బొమ్మ ఉంటుంది. కళాత్మకంగా ఉందని ఒకరిద్దరు అన్నారు కూడా. నేను కాదనలేదు.

ఇక్కడ ఒక మాట. నేను ఫలానా బ్రాండు కొనండి అని గానీ, ఫలానాది వద్దు అని గానీ ఈ ప్రసంగంలో చెప్పబోవడం లేదు. కెమెరా కంపెనీల పేర్లు మాత్రం రాక తప్పదు. నన్ను ముంచిన బ్యాటరీ పేరు అడక్కండి, దాని స్టిక్కర్ అప్పుడే ఊడిపోయింది.

ఇంతకీ సగం చూపించిన బ్యాటరీ క్షణంలో ఎలా పోయింది? మన వంటింట్లోకి రండి. గ్యాస్ సిలిండర్ నిండుగా ఉన్న రోజూ, అడుగంటబోయే రోజూ పొయ్యి మంట దాదాపు ఒకేలా ఉంటుంది. లోపల ద్రవం ఉన్నంతసేపూ దాని ఒత్తిడి పెద్దగా మారదు. అందుకే మంట చూసి గ్యాస్ ఎంత ఉందో చెప్పలేం. పులుసు సగం ఉడికాక టప్పున ఆగిపోతుంది. లిథియం బ్యాటరీలో వోల్టేజీ అచ్చం ఈ మంటలాంటిదే. మొదట కొంచెం దిగుతుంది, ఆ తర్వాత చాలాసేపు ఇంచుమించు చదునుగా నడుస్తుంది, చివర్లో గోడ మీంచి దూకినట్టు పడుతుంది. వోల్టేజీ ఒక్కటే చూసి "సగం ఉంది" అని చెప్పే బ్యాటరీ, మంట చూసి సిలిండర్ బరువు చెప్పే మనిషితో సమానం.

మంచి బ్యాటరీ అలా చెప్పదు. దానిలో ఒక చిన్న చిప్ ఉంటుంది. లోపలికి ఎంత కరెంటు వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది అని పద్దు రాసుకుంటుంది, కిరాణా కొట్టు ఖాతాలాగా. కెమెరా అడిగినప్పుడు ఆ పద్దు చదివి వినిపిస్తుంది. మీ కెమెరా బ్యాటరీ తిప్పి చూడండి, రెండు లోహపు గీతలు కాదు, మూడో నాలుగో ఉంటాయి. ప్లస్సు, మైనస్సు పోను మిగిలినవి కబుర్లకు. ఒకటి ఎంత వేడెక్కిందో చెబుతుంది, ఇంకొకటి ఈ పద్దు చెబుతుంది. నా మార్క్ టూలో మెనూలోకి వెళితే ఒక్కొక్క శాతం చొప్పున ఎంత మిగిలిందో, ఈ ఛార్జింగ్ మీద ఎన్ని ఫోటోలు తీశానో, బ్యాటరీ ఆరోగ్యం మూడు గడుల్లో ఎన్ని గడులు ఉందో చూపించేది. నికాన్ వాళ్లయితే బ్యాటరీ వయసు 0 నుంచి 4 దాకా అంకెల్లో చెబుతారు. 4 వచ్చిందంటే మార్చే వేళయిందని.

బయటి బ్యాటరీల వాళ్లు ఈ సంభాషణను విని నేర్చుకుని తమ చిప్‌కు నేర్పిస్తారు. డబ్బా మీద "ఫుల్లీ డీకోడెడ్" అని వేస్తారు. నేర్చుకున్నంత మాత్రాన నిజం చెబుతుందని కాదు. అడిగినదానికి సరైన భాషలో జవాబివ్వడం ఒకటి, ఆ జవాబు వెనక పద్దు ఉండటం ఇంకొకటి. నా బ్యాటరీకి భాష బాగానే వచ్చు. పద్దు మాత్రం లేదు.

కాబట్టి నా అనుభవంలో బ్యాటరీ కొనేటప్పుడు చూడాల్సింది అది ఎన్ని ఫోటోలు తీయిస్తుందన్నది కాదు, ఎంత మిగిలిందో నిజం చెబుతుందా లేదా అన్నది. తక్కువ తీయించినా ఫర్వాలేదు. ముందే చెబితే చాలు, మార్చుకుంటాం.

కానీ షాపులో మన కళ్లు పడేది ఒక్క అంకె మీదే. ఎంఏహెచ్. మిల్లీ ఆంపియర్ అవర్ అని. పెద్ద అంకె ఉన్నది మంచిదని కొంటాం, గుమ్మడికాయ బేరమాడినట్టు. ఈ అంకె సంగతి కొంచెం తీరిగ్గా చెప్పాలి.

2008లో ఫైవ్ డి మార్క్ టూతో కానన్ కంపెనీ ఎల్‌పీ-ఈ6 అనే బ్యాటరీ తెచ్చింది. 7.2 వోల్టులు, 1800 ఎంఏహెచ్. 2014లో అదే కొలతలతో ఎల్‌పీ-ఈ6ఎన్ వచ్చింది, 1865. 2020లో ఆర్5 కెమెరాతో ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్, 2130. పైన డబ్బా మారలేదు, అదే అరలో కూర్చుంటుంది. అంటే ప్రపంచంలోని మేలైన సెల్స్ తెప్పించుకోగలిగిన కంపెనీకి అదే జాగాలో 330 ఎంఏహెచ్ అదనంగా కూరడానికి పన్నెండేళ్లు పట్టింది. నూటికి 18 పెంపు. ఇప్పుడు వెయ్యి రూపాయల బ్యాటరీ మీద అదే సైజులో 2900 అని రాసి ఉంటే మీరేమనుకుంటారు? నేనైతే రాసిన పెన్ను ఖరీదు తక్కువ కదా అనుకుంటాను.

ఇంకో కిటుకు ఉంది. ఎంఏహెచ్ పక్కన వాట్ అవర్ అని ఒక అంకె ఉండాలి. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వచ్చేది. 7.2ను 1.8తో గుణించండి, 12.96. అందుకే ఎల్‌పీ-ఈ6 మీద 13 వాట్ అవర్ అని ఉంటుంది. ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్‌కి 15 పైచిలుకు. కొన్ని బయటి బ్యాటరీల మీద ఎంఏహెచ్ ఒక గొప్ప అంకె, వాట్ అవర్ ఇంకొక అంకె, రెండూ ఒకదానికొకటి అతకవు. తమ స్టిక్కరుకు లెక్క సరిచూసుకునే తీరిక లేనివాళ్లు లోపలి సెల్‌ను ఏం చూసుకుని ఉంటారు? షాపులో నిలబడి ఫోన్‌లో ఒక గుణకారం చేయండి, అర నిమిషం పని. షాపతను చూస్తాడని మొహమాటపడకండి. వంకాయ నొక్కి చూసి కొంటాం, దీనికేం సిగ్గు?

లోపల ఏముంటుందో కూడా చెప్పాలి. అంత ప్లాస్టిక్ డబ్బాలో ఉండేది రెండు చిన్న సెల్స్, ఒకదాని వెనక ఒకటి కట్టినవి. ఒక్కొక్కటి 3.6 వోల్టులు. నిండా ఛార్జ్ చేస్తే ఒక్కొక్కటి 4.2 దాకా వెళ్తుంది, రెండూ కలిపి 8.4. జోడెడ్ల బండి అనుకోండి. ఒక ఎద్దు కుంటిదైతే రెండోది ఎంత గట్టిదైనా బండి ఆగుతుంది. చవక బ్యాటరీల రోగం చాలాసార్లు ఇదే. జత కుదరని రెండు సెల్స్ పెడతారు. బలహీనమైనది ముందు అడుగంటుతుంది, దాన్ని కాపాడే సర్క్యూట్ మొత్తం కరెంటు కట్ చేస్తుంది. రెండో దాంట్లో ఇంకా సరుకున్నా మనకు దక్కదు. కెమెరా ఆపి ఆన్ చేస్తే ఒక్క క్షణం వెలిగి ఆరిపోవడం, నా పెళ్లి రోజు జరిగినట్టు (నా పెళ్లి కాదు లెండి, వాళ్లది), ఈ రోగ లక్షణమే.

ఈ లిథియం అయాన్ బ్యాటరీకీ కెమెరాకీ బంధుత్వం పాతది. 1991లో సోనీ దీన్ని తొలిసారి మార్కెట్లోకి తెచ్చినప్పుడు అది మొదటి రోజుల్లోనే వీడియో కెమెరాల్లోకి చేరింది. దాని వెనక పరిశోధనకు గాను గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. గుడ్‌ఇనఫ్ గారికి అప్పుడు 97 ఏళ్లు. అంత వయసులో నోబెల్ అందుకున్నవారు అంతకుముందు లేరు. మన బ్యాటరీలు ఆయనలో సగం ఓపిక చూపించినా బాగుండేది.

యానాంలో మా మావయ్యకు స్టూడియో ఉండేది. ఆయన కెమెరా నికాన్ ఎఫ్ఎం2. 1982లో వచ్చిన మోడల్. దాని షట్టర్ పూర్తిగా యంత్రం, స్ప్రింగులూ పళ్లచక్రాలూ. రెండు గుండీ బ్యాటరీలు వేసేవారు గానీ అవి వెలుతురు కొలిచే మీటరుకు మాత్రమే. అవి చచ్చిపోయినా కెమెరా ఆగదు. ఆ పెళ్లి జరిగిన రోజు ఆయనకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. "మావయ్యా, సగం ఉందని చూపించి ఆగిపోయింది" అన్నాను. "సగం ఉందని ఎవరు చెప్పార్రా?" అన్నారు. "బ్యాటరీయే" అన్నాను. "మరి దానితో ముందు పరిచయం ఎన్నాళ్లు?" అన్నారు. ఆయ్, మా గోదావరి వాళ్లు ఓదార్చే తీరు అది.

ఆయన మాటలో నాకు పనికొచ్చింది ఒకటి దొరికింది. కొత్త బ్యాటరీతో ముందు పరిచయం చేసుకోవాలి. అప్పట్నుంచి ఏది కొన్నా, కంపెనీదైనా బయటిదైనా, వారం రోజులు పెళ్లికి తీసుకెళ్లను. నిండా ఛార్జ్ చేసి, బల్ల మీద కెమెరా పెట్టి, వీడియో ఆన్ చేసి వదిలేస్తాను. నా పాత మార్క్ టూలో ఒక్కో క్లిప్ పన్నెండు నిమిషాలకు ఆగిపోయేది, మళ్లీ మళ్లీ నొక్కాల్సి వచ్చేది. మా ఆవిడ అన్నం కలుపుకుంటూ మధ్యలో నొక్కి వెళ్లేది. పక్కన ఒక నోటుపుస్తకం. 75 శాతం ఎన్ని గంటలకు, 50 ఎప్పుడు, 25 ఎప్పుడు, ఆరిపోయింది ఎప్పుడు. నిజాయతీ గల బ్యాటరీకి ఈ నాలుగు ముక్కలూ కాస్త అటూ ఇటూగా సమానంగా ఉంటాయి. దొంగ బ్యాటరీ మొదటి పావు గంటసేపూ 100 దగ్గరే కూర్చుంటుంది, తర్వాత నెమ్మదిగా 40కి దిగుతుంది, అక్కణ్నుంచి ఒక్క దూకు. మొత్తం ఎంతసేపు నడిచిందన్నది నేను ఆ తర్వాత చూసే అంకె. మొదట చూసేది 40 దగ్గర ఏం చేసిందన్నది. ఈ పరీక్ష రెండుసార్లు చేస్తాను, మూడు నాలుగు ఛార్జింగుల తర్వాత ఇంకోసారి. అందులో నెగ్గిన బయటి బ్యాటరీలు నా దగ్గర ఇప్పుడూ ఉన్నాయి. అవి కంపెనీవాటికి తీసిపోవు.

అవును, ఆ మాట గట్టిగానే అంటాను. బయటి బ్యాటరీ అంటే నకిలీ అని ఒక అభిప్రాయం మనవాళ్లలో ఉంది. రెండూ ఒకటి కావు. తన సొంత పేరు వేసుకుని, ఫలానా కెమెరాకు సరిపోతుందని చెప్పి అమ్మేది బయటి బ్యాటరీ. కానన్ అనో నికాన్ అనో పేరు వేసుకుని, హోలోగ్రామ్ అంటించుకుని వచ్చేది నకిలీ. మొదటిది దుకాణం, రెండోది దొంగతనం. అసలు ధరకు సగానికి "ఒరిజినల్" ఇస్తానన్నవాడి దగ్గర కొనడం కన్నా, తన పేరు తాను చెప్పుకునే బయటివాడి దగ్గర కొనడం నయం. కనీసం రేపు వెళ్లి అడగడానికి ఒక పేరుంటుంది.

కెమెరా కంపెనీలు మాత్రం ఈ తేడాను చూడదలచుకోవు. 2009లో పానాసోనిక్ తన లూమిక్స్ కెమెరాలకు ఒక సాఫ్ట్‌వేర్ మార్పు విడుదల చేసింది. అది వేసుకున్నవాళ్ల కెమెరాలు బయటి బ్యాటరీలను తోసిపుచ్చడం మొదలుపెట్టాయి. భద్రత కోసమన్నారు. కానన్ కొత్త కెమెరాల్లో బయటి బ్యాటరీ వేస్తే తెర మీద ఒక ప్రశ్న వస్తుంది, బ్యాటరీతో సంభాషణ సరిగా లేదు, దీని మీద కానన్ లోగో ఉందా అని. అవునంటే పని చేస్తుంది. ఆ ప్రశ్నకు "లేదు" అని నొక్కేవాణ్ని నేనింతవరకూ చూడలేదు. కెమెరా ముందు అందరం లోగో ఉన్నవాళ్లమే.

భద్రత మాటకొస్తే కంపెనీలదీ ఏమంత మచ్చలేని చరిత్ర కాదు. నికాన్ తన ఈఎన్-ఈఎల్3 బ్యాటరీలు కొన్నిటిని 2005లో వెనక్కి పిలిచింది. 2012లో డీ800, డీ7000 కెమెరాలతో ఇచ్చిన ఈఎన్-ఈఎల్15ల్లో కొన్ని లాట్లు విపరీతంగా వేడెక్కుతున్నాయని మళ్లీ వెనక్కి పిలిచి ఊరికే మార్చి ఇచ్చింది. చూడాల్సింది ఆ వెనక్కి పిలవడమే. తప్పు జరిగినప్పుడు ఫలానా లాటు మీది అని పిలిచేవాడు ఒకడున్నాడు. బయటి బ్యాటరీలో మనకు తగ్గేది చాలాసార్లు ఈ పిలుపే.

మన దేశంలో దానికి కొంత మందు ఉంది. చేతిలో పట్టుకునే పరికరాల లిథియం బ్యాటరీలకు బీఐఎస్, అంటే భారతీయ ప్రమాణాల సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ప్రమాణం పేరు ఐఎస్ 16046. రిజిస్టరైన బ్యాటరీ మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉంటాయి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ అనే యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే అది ఎవరిదో, దేనికిచ్చారో తెలుస్తుంది. నేను ఒకసారి ఒక షాపులో నిలబడి నాలుగు బ్యాటరీల నంబర్లు కొట్టి చూశాను. షాపతను మొదట విసుక్కున్నాడు. తర్వాత తనే ఇంకో రెండు తీసి "ఇదీ చూడండి సార్" అన్నాడు. ఆయనకూ తెలుసుకోవాలనుంది.

ఇక పాత కెమెరాల సంగతి. ఇక్కడ నా సలహా తలకిందులవుతుంది. నికాన్ డీ90 లాంటివి ఇప్పటికీ చాలామంది దగ్గర ఉన్నాయి, 2008 నాటివి. పిల్లలు నేర్చుకోవడానికి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటున్నారు. వాటికి అసలు బ్యాటరీయే కావాలని వెతికి వెతికి, ఎక్కడో సీలు తీయనిది దొరికిందని పొంగిపోతారు. లిథియం బ్యాటరీ పచ్చడి కాదు, ఊరేకొద్దీ బాగుపడటానికి. వాడినా వాడకపోయినా వయసు మీద పడుతుంది. పదేళ్లు గోడౌనులో పడున్న ఒరిజినల్ కన్నా నిరుడు తయారైన బయటి బ్యాటరీ ఎక్కువ పని చేసే అవకాశం ఉంది. డబ్బా మీద తయారీ నెలా సంవత్సరమూ చూసి కొనండి. కొన్ని కంపెనీలు కెమెరాల వ్యాపారమే మానేశాయి. కొనికా మినోల్టా 2006లో మానేసింది, శామ్‌సంగ్ కూడా ఎన్ఎక్స్ కెమెరాలు తెచ్చి కొన్నాళ్లకు తప్పుకుంది. వాటి యజమానులకు బయటి బ్యాటరీయే దిక్కు. వాళ్లను ఆదుకుంటున్నది ఆ "మాదిరి" వాళ్లే మరి.

కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలకు అటువైపు కథ. అవి కరెంటు తాగుతాయి. పాత డీ7000కు ఒక ఛార్జింగ్ మీద 1050 ఫోటోలని జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్క ప్రకారం రేటింగ్ ఉండేది. 2013లో వచ్చిన సోనీ ఏ7కు అదే లెక్కలో 340. అద్దం తీసేసి తెర పెట్టాక, తెర ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి కదా. పైగా ఈ కెమెరాలు బ్యాటరీ కులగోత్రాలు అడుగుతాయి. ఆర్5లో పాత ఎల్‌పీ-ఈ6 వేస్తే కూర్చుంటుంది, పని చేస్తుంది, కానీ గబగబా తీసే వేగం తగ్గిపోతుంది. కేబులు పెట్టి కెమెరాలోనే ఛార్జ్ చేద్దామంటే పాతది ఎక్కదు. నికాన్‌లోనూ అంతే, ఈఎన్-ఈఎల్15లో చివర బి గానీ సి గానీ అక్షరం ఉన్నదానికే ఆ సౌకర్యం. కాబట్టి బయటిది కొనేటప్పుడు "ఈ6 టైపు" అన్న మాటతో సరిపెట్టుకోకండి, చివరి అక్షరం దాకా అడగండి. కొత్త కెమెరా కొన్న మొదటి ఏడాది బయటి బ్యాటరీ జోలికి పోకపోవడమే నయమని నాకనిపిస్తుంది. బయటివాళ్లు కొత్త చిప్ భాష నేర్చుకోవడానికి కొంత కాలం పడుతుంది. వాళ్ల పాఠాలకు మన కెమెరా పలక కానక్కర్లేదు.

ఇప్పుడు మన ఊరి సంగతి. పుదుచ్చేరిలో బ్యాటరీకి ఇద్దరు శత్రువులు, ఎండా, ఉప్పుగాలీ. ఆడి మాసంలో వీరాంపట్టినం తేరుకు వెళ్లాను ఒక ఏడు. తెల్లవారే లోపలే జనం. మధ్యాహ్నం దాకా తీసి, రెండు బ్యాటరీలున్న సంచి స్నేహితుడి కారులో పెట్టి భోజనానికి వెళ్లాం. అద్దాలు బిగించి ఉన్న కారు. వచ్చేసరికి కారు కొలిమిలా ఉంది. కంపెనీ బ్యాటరీ తట్టుకుంది. బయటిది చూడటానికి బాగానే ఉంది, కెమెరాలో వేశాను, పని చేసింది. సాయంత్రం ఇంటికొచ్చి తీద్దామంటే రాలేదు. లోపల ఉబ్బింది. లోపలి రసాయనాలు వేడికి విడిపోయి గ్యాసవుతాయి, ఆ గ్యాసుకు బయటికి దారి లేదు, పొట్ట పెంచుతుంది. అర మిల్లీమీటరు చాలు, కెమెరా అరలో బిరడాలా బిగుసుకుపోవడానికి. సర్వీసు వాడు తీసి ఇచ్చాడు. బ్యాటరీ ధరలో మిగుల్చుకున్నదానికి నాలుగింతలు పోయింది. అలాంటప్పుడు స్క్రూడ్రైవరు పెట్టి పొడిచి తీయబోకండి. గుచ్చుకుంటే మంట లేస్తుంది, నీళ్లతో ఆరే మంటా కాదు అంత సులువుగా.

ఉప్పుగాలి నెమ్మదిగా పని చేస్తుంది. బీచ్ రోడ్డు మీద ప్రీ వెడ్డింగులు తీసేవాళ్లకు తెలుసు, ఆ లోహపు గీతల మీద నల్లగా మసకలా కడుతుంది. కెమెరా బ్యాటరీని గుర్తు పట్టడం లేదని కొత్తది కొనేస్తారు. ముందు పొడి గుడ్డతో తుడిచి చూడండి. సగం రోగాలు దానితోనే పోతాయి.

బ్యాటరీకి మూత ఉంటుంది, గమనించారా? అందరూ మొదటి రోజే పారేస్తారు. బయటివాటికి చాలావాటికి రాదు కూడా. జేబులో తాళంచెవులూ చిల్లరా ఉంటే రెండు గీతలకూ అడ్డం పడి షార్ట్ అవుతుంది, ప్యాంటు కాలుతుంది. మూత అందుకు. కానన్ వాళ్ల మూతలో ఇంకో చిన్న తెలివి ఉంది. దానికి బ్యాటరీ బొమ్మ ఆకారంలో ఒక కన్నం ఉంటుంది. ఒకవైపు పెడితే ఆ కన్నంలోంచి నీలం రంగు కనిపిస్తుంది, తిప్పి పెడితే కనిపించదు. నీలం కనిపిస్తే నిండినది, లేకపోతే వాడేసినది. చీకట్లో, మేళం మోతలో, ఎవరినీ అడక్కుండా తెలిసిపోతుంది. ఇలాంటిది ఆలోచించినవాడెవడో గానీ వాడు తప్పకుండా ఒక పెళ్లి ఫోటోలు తీసి ఉంటాడు.

విమానంలో వెళ్లేవాళ్లకు ఒక మాట. విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, కిందికిచ్చే పెట్టెలో పెట్టకూడదు. కెమెరావి 13 నుంచి 16 వాట్ అవర్లు, వీడియో లైట్లకు వాడే ఆరు సెల్స్ ఉన్న పెద్ద బ్యాటరీ కూడా 50లోపే ఉంటుంది. 100 దాటితేనే అనుమతుల గొడవ. అయితే వాట్ అవర్ అంకె కనిపించేలా ఉండాలి. స్టిక్కర్ ఊడిన బ్యాటరీతో చెన్నై విమానాశ్రయంలో వాదించడం కన్నా సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ వెళ్లి యానాం బస్సెక్కడం సుఖం. చేసి చూశాను.

చచ్చిపోయినవి ఏం చేయాలి? చెత్తబుట్టలో వేయకండి. చెత్త బండిలో నలిగితే నిప్పు పుడుతుంది, పోయేది పారిశుద్ధ్య కార్మికుడి చెయ్యి. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం తయారు చేసినవాళ్లే, దిగుమతి చేసుకున్నవాళ్లే వాటిని వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాలి. లోహపు గీతల మీద టేపు అంటించి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. నా వీరాంపట్టినం బ్యాటరీ చాలా రోజులు మేడ మీద ఇసుక పోసిన రేకు డబ్బాలో ఉంది. మా అమ్మాయి దానికి సమాధి కట్టారా నాన్నా అని అడిగేది.

ఇప్పుడు నా దగ్గర ఐదు బ్యాటరీలున్నాయి. రెండు కంపెనీవి, మూడు బయటివి. అన్నిటికీ మా అమ్మాయి నెయిల్ పాలిష్‌తో అంకెలు వేసింది, కంపెనీవాటికి ఎరుపు, బయటివాటికి గులాబీ. కొన్న తేదీ నోటుపుస్తకంలో ఉంది. రిసెప్షన్లూ, మెహందీలూ, వంటశాల దగ్గర ఫోటోలూ అన్నీ గులాబీ మీదే నడుస్తాయి. తెర అడ్డం పట్టడానికి పది నిమిషాల ముందు, అందులో 90 శాతం ఉన్నా సరే, తీసేసి ఎరుపు వేస్తాను. పెళ్లిళ్లు లేని నెలల్లో అన్నిటినీ సగం ఛార్జింగులో ఉంచి బీరువాలో చల్లగా ఉండే అరలో పెడతాను. నిండా నింపి ఎండగదిలో పడేస్తే తొందరగా ముసలివవుతాయి.

ఎల్లుండి రెడ్డియార్‌పాళయంలో పెళ్లి ఉంది. నాలుగో నంబరు గులాబీది ఈ మధ్య 40 దగ్గర కాస్త తడబడుతోంది, ఇంకోసారి పరీక్షించాలి. ప్రస్తుతం అది ఇంట్లో ఛార్జింగులో ఉంది. ఎవరూ లేకుండా వదిలి రాకూడదని నేనే చెబుతాను గనుక, మా ఆవిణ్ని కాపలా పెట్టి వచ్చాను. ఈ ప్రసంగం వింటూ ఉంటే, ఇదిగో, ఆకుపచ్చ లైటు వెలిగితే తీసేయ్.